జపాన్ పురాతన ఖడ్గాన్ని చూడటం, ఎంచుకోవడం, కాపాడుకోవడం: సమగ్ర మార్గదర్శి

జపాన్ పాత కత్తుల గురించి రాసినప్పుడల్లా పాఠకులు అడిగే ప్రశ్న ఒకటే: "మొదటి కత్తి ఏది కొనాలి?" దానికి జవాబు ఈ వ్యాసంలో సగం దాటాక గానీ రాదు. కావాలనే అలా అమర్చాను. నకిలీల వ్యాపారం నడిచేదే చూడటం రానివాళ్ల డబ్బుతో. అందుకని ముందు చూపు, ఆ తర్వాత కాగితాలు, ఆఖరున కొనుగోలు. ఈ వరుస తప్పితే నష్టం తప్పదు.

1. మొదలుపెట్టే ముందు

కొలతతో మొదలుపెడదాం. మొన నుంచి, పిడి మొదట్లో వెన్ను వైపున ఉండే గంటు వరకు తిన్నగా కొలిస్తే వచ్చేది అలుగు, అంటే పిడి బయటి లోహపు భాగం, పొడవు. 30 సెంటీమీటర్ల లోపుంటే తాంతో, 30 నుంచి 60 వరకు వాకిజాషి, 60 దాటితే కటానా లేదా తాచి. తాచిని వాదర కిందికి ఉండేలా నడుముకు వేలాడదీసేవారు. కటానాను వాదర పైకి ఉండేలా నడికట్టులో దోపుకునేవారు.

కాలాల పేర్లు నాలుగు గుర్తుంటే చాలు. సుమారు 1596కు ముందువి కోతో, అక్కడి నుంచి 1781 దాకా షింతో, 1876 దాకా షిన్‌షింతో, ఆ తర్వాతివి గెందాయ్‌తో. కోతో కత్తులను యమాషిరో, యమాతో, బిజెన్, సోషూ, మినో అనే ఐదు ప్రాంతాల సంప్రదాయాల కింద చదువుతారు.

దగ్గర ఉంచుకోవలసినవి:

- ఒకే బల్బు ఉన్న మేజా దీపం. ట్యూబ్‌లైటు వెలుగులో వాదర మీది పని కనబడదు.
- పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం.
- కొత్త మైక్రోఫైబర్ గుడ్డ, మెత్తని కాగితం.
- పిడి మేకును తీసే చిన్న ఇత్తడి సుత్తి.
- గుడ్డ టేపు. ఇనుప టేపు అలుగుకు తగిలితే గీత పడుతుంది.
- నోటు పుస్తకం, పెన్సిలు.

వీటి కంటే ముఖ్యం, మంచి కత్తులను వీలైనన్ని సార్లు చూసి ఉండటం. టోక్యోలో ఉయెనోలోని జాతీయ మ్యూజియం, సుమిదాలోని ఖడ్గ మ్యూజియం, ఒకయామా ప్రాంతంలోని బిజెన్ ఒసాఫునె ఖడ్గ మ్యూజియం, నగోయాలోని తొకుగావా మ్యూజియం ఇందుకు సరైన చోట్లు. అమెరికాలో ఉన్న తెలుగువారికి న్యూయార్క్ మెట్రోపాలిటన్, బోస్టన్ లలితకళల మ్యూజియంలలో చక్కటి సేకరణలున్నాయి. అద్దాల పెట్టె ముందు నిలబడినప్పుడు మోకాళ్లు కొంచెం వంచి తలను పైకీ కిందికీ కదపండి. నిటారుగా నిలబడి చూస్తే కనబడేది మెరిసే ఇనుము మాత్రమే.

2. చేతిలోకి తీసుకునే పద్ధతి

ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. ప్రతి నియమం వెనుకా ఒక ప్రమాదం ఉంది.

(అ) ఉంగరాలు, గడియారం, గాజులు తీసేయండి. చొక్కా జేబులోని పెన్ను కూడా. చేతులు కడిగి పూర్తిగా ఆరనివ్వండి.

(ఆ) కత్తికి తల వంచి నమస్కరించండి. జపాన్‌లో ఇది అందరూ పాటించే ఆచారం. దానివల్ల మనసు కూడా చేస్తున్న పని మీద నిలుస్తుంది.

(ఇ) వాదర పైకి ఉండేలా ఒరను ఎడమ చేత్తో కింది నుంచి పట్టుకుని, కుడి చేత్తో పిడిని పట్టండి. ముందుగా ఒర నోటి దగ్గర బిగువు మాత్రం సడలించి, తర్వాత ఆగకుండా మెల్లగా లాగండి. అలుగు తన వెన్ను మీదే జారాలి. పక్కకు ఒరిగితే అలుగు మీద గీత, వాదర పైకి ఒత్తుకుంటే ఒరకు కోత.

(ఈ) అలుగును చేత్తో తాకవద్దు. వేలిముద్రలోని తేమ, ఉప్పు చాలు తుప్పు పుట్టడానికి. అలుగు మీద నేరుగా ఊపిరి వదలవద్దు, దానికి ఎదురుగా మాట్లాడవద్దు.

(ఉ) ఇంకొకరికి ఇచ్చేటప్పుడు కత్తిని నిలువుగా పట్టి, వాదర మీ వైపు ఉంచుకుని ఇవ్వండి. "పట్టుకున్నాను" అని వాళ్లు చెప్పాకే వదలండి.

పిడి విప్పడం తర్వాతి మెట్టు. పిడికి అడ్డంగా ఉండే వెదురు మేకును మెకుగి అంటారు. దాని సన్నని కొన వైపు నుంచి సుత్తితో నెట్టి తీయండి. కత్తిని దాదాపు నిలువుగా, కొంచెం భుజం వైపుకు వాల్చి, పిడి అడుగును ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, ఆ మణికట్టు మీద కుడి పిడికిలితో మెల్లగా కొట్టండి. అలుగు పట్టు సడలి కాస్త పైకి వస్తుంది. తాంతో విషయంలో మరీ మెల్లగా కొట్టాలి. తేలికైన అలుగు ఒక్కసారిగా పైకి ఎగిరి చేతి మీద పడగలదు. రెండు మూడు సార్లకూ కదలకపోతే వదిలేసి తెలిసినవారికి అప్పగించండి. తీసిన మేకును వెంటనే పిడి రంధ్రంలోనే తిరిగి పెట్టండి, లేకుంటే అది ఎక్కడో పోతుంది.

3. మొదటి చూపు: ఆకారం

కత్తిని చేతి దూరంలో నిలువుగా పట్టుకుని, వివరాలు వదిలేసి గీతను మాత్రమే చూడండి. వంపు ఎక్కడ మొదలైంది? అడుగున ఉన్న వెడల్పు మొన దగ్గరికి వచ్చేసరికి ఎంత తగ్గింది? మొన చిన్నదా, పెద్దదా?

ఈ మూడు ప్రశ్నలకు జవాబులు దొరికితే కాలం సగం తేలినట్లే. వంపు పిడి దగ్గరే లోతుగా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నబడి చిన్న మొనతో ముగిస్తే హెయాన్ చివర, కమకురా మొదటి కాలం (12-13 శతాబ్దాలు) వైపు చూడాలి. వెడల్పాటి అలుగు, బాగా సాగిన పెద్ద మొన ఉంటే 14వ శతాబ్దపు నన్‌బొకుచో తీరు. వంపు చాలా తక్కువగా ఉండి, అలుగు మొన వైపు బాగా సన్నబడితే 1661-1673 నాటి కన్‌బున్ తీరు.

ఒక జాగ్రత్త. పాత పొడవాటి కత్తులను తర్వాతి కాలంలో అడుగు నుంచి కోసి పొట్టివి చేశారు. దీన్ని సురియాగె అంటారు. అప్పుడు పిడి దగ్గరి వంపు కోతలో పోతుంది, కత్తి అసలు కంటే తిన్నగా కనిపిస్తుంది. అలుగు అడుగున మేకు రంధ్రాలు ఒకటికి మించి ఉంటే ముందుగా ఈ సంగతే అనుమానించాలి. షిన్‌షింతో కమ్మరులు పాత తీరులను ఇష్టంగా అనుకరించారు కనుక ఆకారం ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పవద్దు.

4. రెండో చూపు: ఉక్కు మడతల జాడ

వెన్నుకూ వాదరకూ మధ్య ఉన్న బయలును దీపం కిందికి తెచ్చి, వెలుగు మెత్తగా పడేలా తిప్పండి. ఉక్కును మడిచి సాగగొట్టడం వల్ల ఏర్పడిన పొరల జాడ అక్కడ కనబడుతుంది. చెక్క మీది గీతల్లా తిన్నగా ఉంటే మసామె, పలక మీది అలల్లా ఉంటే ఇతామె, గుండ్రని సుడులుంటే మొకుమె.

తెలుగువారికి ఇక్కడొక అపోహ ఉంటుంది. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం ఉక్కు పేరు విన్నవారు ఈ రెండూ ఒకటే అనుకుంటారు. మూసలో కరిగించిన మన ఉక్కు మీద కనబడే అలలు లోపలి కార్బైడ్ల (ఇనుము, కర్బనం కలిసిన గట్టి రేణువుల) వరుసల వల్ల వచ్చినవి. జపాన్ కత్తి మీదివి మడతల వల్ల వచ్చినవి. పైగా మంచి జపాన్ అలుగు మీద ఈ జాడ చాలా సున్నితంగా ఉంటుంది. దూరం నుంచే నలుపు తెలుపు చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తే, అది ఇటీవల ఆమ్లంతో తేల్చిన అలంకారం కావచ్చు.

5. మూడో చూపు: హమోన్

కత్తిని చల్లార్చే ముందు కమ్మరి దాని మీద మట్టి పూస్తాడు. వాదర మీద పలుచగా, వెన్ను మీద మందంగా. కాల్చి నీటిలో ముంచితే వాదర చప్పున చల్లారి గట్టిపడుతుంది, వెన్ను మెల్లగా చల్లారి మెత్తగా మిగులుతుంది. ఈ రెండింటి సరిహద్దే హమోన్.

ఫొటోల్లో మెరిసే తెల్లని పట్టీని చూసి అదే హమోన్ అనుకుంటారు చాలామంది. అది చాలావరకు మెరుగు పెట్టినవాడు రాతితో తెల్లబరచిన భాగం. అసలు హమోన్ ఆ తెలుపు లోపల ఉంటుంది, దాని గీత వేరుగా నడుస్తుంది. దాన్ని చూడాలంటే:

(అ) గదిలోని మిగతా దీపాలు ఆర్పండి.

(ఆ) కత్తి మొనను బల్బు వైపు చూపిస్తూ, అలుగును కంటి ఎత్తుకు కొంచెం దిగువన, దాదాపు అడ్డంగా పట్టండి.

(ఇ) బల్బు ప్రతిబింబాన్ని అలుగు మీద వెతకండి. కత్తిని ఒక్క రవ్వ అటూ ఇటూ వాల్చి, ఆ వెలుగు వాదర పక్కకు వచ్చేలా చేయండి.

(ఈ) వెలుగు చుక్కకు సరిగ్గా అంచున చూడండి, నడిమధ్యన కాదు. అక్కడ తెల్లని పట్టీ మాయమై, దాని లోపలి గీత ఒక్కసారిగా వెలుగుతుంది.

(ఉ) ఆ వెలుగును పిడి వైపు నుంచి మొన వరకు, అంగుళం అంగుళం జరుపుతూ పోండి. తర్వాత రెండో వైపు.

ఆ గీతలో విడివిడిగా మెరిసే గింజలుంటే నియే. విడి గింజలు కనబడకుండా సన్నని తెల్లని తెరలా ఉంటే నియోయ్. రెండూ ఒకే గట్టి స్ఫటికాలే, తేడా పరిమాణంలో మాత్రమే. సోషూ కత్తుల్లో నియే ఎక్కువ. బిజెన్ పనిలో నియోయ్ ప్రధానంగా కనబడుతుంది, లవంగ మొగ్గల వరుసలాంటి చోజి తీరు కూడా ఆ సీమకే పేరు తెచ్చింది. గీత తిన్నగా ఉంటే సుగుహా, నిదానమైన అలగా ఉంటే నొతారె, అర్ధవృత్తాల వరుసగా ఉంటే గునొమె.

ఎంత వెతికినా గింజ గానీ తెర గానీ లేక, చదునైన తెల్ల రంగు మాత్రమే ఉంటే హమోన్‌ను ఆమ్లంతో గీశారన్నమాట. నకిలీలను పట్టిచ్చేది ముందుగా ఇదే.

చివరగా మొనలోకి తిరిగే హమోన్ భాగాన్ని, అంటే బోషిని చూడండి. ఆ గీత మొనలోకి ఎక్కి వెనక్కి తిరగాలి. మధ్యలో అంచు దాటి మాయమైతే మొన ఎప్పుడో విరిగిందని, తర్వాత అరగదీసి కొత్త ఆకారం ఇచ్చారని అర్థం. విలువ బాగా పడిపోతుంది.

6. నకాగో చదవడం

పిడి లోపల దాగే తోక భాగం నకాగో. కొనేవాళ్లు సంతకం కోసం వెతుకుతారు. నేనైతే ముందుగా తుప్పు చూస్తాను.

పాత తుప్పు ముదురు గోధుమ నలుపు రంగులో, లోతుగా, నిలకడగా ఉంటుంది. ఎర్రగా, పొడిపొడిగా రాలితే కొత్తది. తోక అంతా ఒకే రంగులో ఉండి, అక్షరాల గాడుల్లో మాత్రం వేరే రంగు ఉంటే అక్షరాలు తర్వాత చెక్కినవి. ఉలి దిగినచోట అంచు కొంచెం పైకి లేచి ఉండటం నిజమైన చెక్కడానికి ఒక గుర్తు. ఆకురాయి గీతలు ఏ దిశలో ఉన్నాయి, తోక చివర ఏ ఆకారంలో ఉంది అన్నవి కూడా రాసుకోండి. ప్రతి కమ్మరి వంశానికీ ఇందులో తన అలవాటు ఉంటుంది.

సంతకం ఉన్నంత మాత్రాన ఆ కమ్మరి చేసినట్టు కాదు. దొంగ సంతకాన్ని గిమేయ్ అంటారు. 17వ శతాబ్దపు పేరుమోసిన కమ్మరి నగసొనె కొతెత్సు పేరున్న కత్తి ఎదురైతే, ముందు నకిలీ అని అనుకునే పరీక్ష మొదలుపెట్టాలి. బిజెన్ సుకెసదా అనే పేరు ఒక్కరిది కాదు, ఆ పేరుతో ఎందరో పనిచేశారు. యుద్ధాల కాలంలో రాశులుగా చేసిన సాధారణ కత్తుల మీదా, ఒకరి కోసం శ్రద్ధగా చేసిన కత్తుల మీదా అదే పేరు కనబడుతుంది. కమ్మరి సొంత పేరు కూడా కలిపి పూర్తిగా చెక్కినవి సాధారణంగా మెరుగైనవి.

సంతకం లేని మంచి కత్తి, అనుమానపు సంతకం ఉన్న కత్తి కంటే మేలు. ఇందులో నాకు రెండో మాట లేదు.

నకాగోను ఎన్నడూ శుభ్రం చేయవద్దు. తుప్పు తీస్తే కత్తి వయసుకున్న సాక్ష్యం పోతుంది. దాన్ని మళ్లీ తెప్పించలేం.

7. లోపాలు: ఏవి చంపుతాయి, ఏవి పర్వాలేదు

వద్దని వెంటనే వెనక్కి ఇచ్చేయవలసినవి:

- హగిరే: వాదర నుంచి నిలువుగా పైకి పాకిన వెంట్రుకంత పగులు. వెలుగును వాలుగా పంపి, వాదర పొడవునా భూతద్దంతో వెతకాలి. దీనికి మరమ్మతు లేదు.
- బోషి పోయిన మొన.
- మళ్లీ కాల్చి నీరు పెట్టిన కత్తి, అంటే సాయిహా. అగ్నిప్రమాదంలో గట్టిదనం పోయినవాటికి ఇలా చేస్తారు. పిడి మొదట్లో వాలుగా లేచే మసక గీత దీనికి ఒక సూచన. అయితే హొరికావా కునిహిరో వంటి కమ్మరుల అసలు పనిలోనూ ఆ గీత ఉంటుంది కనుక అదొక్కటే చూసి తేల్చవద్దు.
- మెరుగులు పెట్టీ పెట్టీ పైపొర అరిగి, లోపలి మెత్తని ఉక్కు బయటపడ్డ అలుగు.

ధర తగ్గించి చూడవలసినవి: చిన్న గాలిబుడగ, పొర విడిన చోటు, వాదర మీది చిన్న పెచ్చు, పైపై తుప్పు, పొట్టి చేసిన తోక. కమకురా కాలపు కత్తిలో ఒక పొర విడితే సర్దుకోవచ్చు. షింతో వాకిజాషిలో అదే లోపముంటే నేను వదిలేస్తాను, ఎందుకంటే లోపం లేనివి ఇంకా దొరుకుతాయి.

8. కాగితాలు: ఏది ఏం చెబుతుంది

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. జపాన్‌లోని ప్రతి పాత కత్తికీ తోరోకుషో అనే నమోదు పత్రం ఉండాలి. అందులో పొడవు, వంపు, రంధ్రాల సంఖ్య, సంతకం రాసి ఉంటాయి. ఆ పత్రం కత్తి చట్టబద్ధంగా ఉందని చెబుతుంది, అంతే. సంతకం నిజమైనదని చెప్పదు.

నిజానిజాల మీద అభిప్రాయం ఇచ్చే సంస్థల్లో ముఖ్యమైనది 1948లో ఏర్పడిన ఎన్‌బీటీహెచ్‌కే, అంటే జపాన్ కళాఖడ్గాల పరిరక్షణ సంఘం. దాని ఇప్పటి పత్రాలు కింది నుంచి పైకి: హొజొన్, తొకుబెత్సు హొజొన్, జూయో, తొకుబెత్సు జూయో. 1982కు ముందు ఇచ్చిన పాత రంగు కాగితాలను, ముఖ్యంగా పెద్ద పేర్లున్నవాటిని, ఈ రోజు ఎవరూ పూర్తిగా నమ్మరు. అమ్మేవాడు వాటినే చూపి పెద్ద ధర చెబితే, మళ్లీ పరీక్షకు ఎందుకు పంపలేదని అడగండి.

సరిచూసుకోవలసినవి:

- పత్రం మీది నకాగో ఫొటో, చేతిలోని నకాగో ఒకటేనా? రంధ్రాలు, తుప్పు మరకలు, అక్షరాల స్థానం పోల్చండి.
- పత్రంలోని పొడవుకు మీ కొలత సరిపోయిందా?
- కమ్మరి పేరుకు ముందు "దెన్" ఉందా? ఉంటే అది సంప్రదాయాన్ని బట్టి చెప్పిన అభిప్రాయం, ఖాయమైన పేరు కాదు.

9. కొనుగోలు

ఇక ఆ మొదటి ప్రశ్నకు నా జవాబు: ఆరోగ్యమైన షింతో వాకిజాషి, మంచి మెరుగులో, ఎన్‌బీటీహెచ్‌కే హొజొన్ పత్రంతో. అదే నాణ్యత ఉన్న కటానా కంటే వాకిజాషి చాలా చవక. నేర్చుకోవలసిన విషయమంతా దాని మీదా ఉంటుంది. మసామునె, మురామసా వంటి ప్రఖ్యాత కమ్మరుల పేర్లు మొదటి కొనుగోలులో అసలు తలచవద్దు.

మెరుగు పోయిన కత్తిని చవకగా కొని బాగు చేయించుకుందాం అన్న ఆలోచన ఆకర్షిస్తుంది. మెరుగు పెట్టే పండితుడిని తోగిషి అంటారు. ఆయన అలుగు పొడవును బట్టి రుసుము తీసుకుంటాడు, అది కత్తి ధరనే దాటిపోవచ్చు. పైగా తుప్పు కింద ఏముందో మెరుగు పెట్టేవరకు తెలియదు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో కర్మాగారాల్లో చేసిన సైనిక కత్తులు వేరే సేకరణ. నకాగో మీద ఉక్కు ముద్ర గుర్తులుంటే సంప్రదాయ పద్ధతిలో చేసింది కాదని దాదాపు అనుకోవచ్చు. వాటికి జపాన్‌లో నమోదు కూడా దొరకదు.

అమ్మేవారిని అడగవలసినవి:

- వెనక్కి ఇచ్చే గడువు ఎన్ని రోజులు? రాసి ఇస్తారా?
- పగులు, పొర విడటం, మళ్లీ నీరు పెట్టిన జాడ ఉన్నాయా? "లేవు" అని రాసి ఇమ్మనండి.
- నకాగో రెండు వైపులా, మొన రెండు వైపులా పక్క వెలుగులో తీసిన ఫొటోలు.
- ఎవరు, ఎప్పుడు మెరుగు పెట్టారు?

టోక్యోలో ఏటా శరదృతువులో దాయ్ తోకెన్ ఇచి అనే పెద్ద ఖడ్గ సంత జరుగుతుంది. మొదటిసారి వెళ్లేవారు కొనే ఉద్దేశం లేకుండా వెళ్లి, ఒకే రకం కత్తులను ఒక దుకాణం తర్వాత ఒకటిలో పోల్చి చూడండి. నకాగోను కప్పి కమ్మరి పేరు చెప్పమనే కన్‌తెయ్ సమావేశాలు అమెరికాలోనూ జరుగుతుంటాయి. అక్కడ తప్పు చెప్పడానికి రుసుమేమీ లేదు.

10. దేశం దాటించడం

జపాన్ నుంచి కత్తి బయటికి రావాలంటే అక్కడి సాంస్కృతిక వ్యవహారాల సంస్థ అనుమతి పత్రం కావాలి. ఆ పని అమ్మేవారే చేస్తారు, కొన్ని వారాలు పడుతుంది. తోరోకుషోను అక్కడే తిరిగి అప్పగిస్తారు, కనుక దాని నకలు ముందే అడిగి ఉంచుకోండి. జాతీయ సంపదగా, ముఖ్య సాంస్కృతిక ఆస్తిగా గుర్తించినవి దేశం దాటవు.

భారతదేశానికి తెప్పించాలంటే 1959 ఆయుధ చట్టం కింద దిగుమతికి లైసెన్సు అవసరం. డబ్బు కట్టే ముందే లైసెన్సు అధికారులతో, కస్టమ్స్ వ్యవహారాలు తెలిసినవారితో మాట్లాడండి. బ్రిటన్‌లో 50 సెంటీమీటర్లు మించిన వంపు కత్తుల మీద 2008 నుంచి నిషేధం ఉంది. 1954కు ముందు చేసినవాటికి, సంప్రదాయ పద్ధతిలో చేతితో చేసినవాటికి మినహాయింపు ఉంది. వయసు చూపే కాగితాన్ని పార్సిల్‌తోనే పెట్టించండి. పిడి, ఒర అలంకారంలో దంతం ఉంటే వన్యప్రాణి నిబంధనలు కూడా అడ్డొస్తాయి.

11. ఇంట్లో సంరక్షణ

నాలుగైదు నెలలకొకసారి చాలు. కొత్తగా మెరుగు పెట్టిన కత్తికైతే మొదటి ఏడాది ఇంకా తరచుగా చూడాలి.

(అ) మెత్తని కాగితంతో పిడి వైపు నుంచి మొన వైపుకు, వెన్ను వైపు నుంచి పట్టుకుని, పాత నూనె తుడవండి. వెనక్కి తుడవవద్దు.

(ఆ) సంప్రదాయంగా ఉచికో అనే మెత్తని రాతిపొడి అద్ది తుడుస్తారు. నాసిరకం పొడి అలుగును గీస్తుంది. పొడి నాణ్యత తెలియకపోతే మానేసి కొత్త మైక్రోఫైబర్ గుడ్డతో సరిపెట్టుకోండి.

(ఇ) దీపం కింద రెండు వైపులా చూడండి. తుప్పు చుక్క ఉంటే గీకవద్దు, ఫొటో తీసి తేదీ రాసుకోండి.

(ఈ) చోజి నూనెను, అంటే కత్తులకు వాడే లవంగ వాసన నూనెను, తెరలా పలుచగా రాయండి. చుక్కలు నిలిస్తే ఎక్కువైనట్టే. ఎక్కువైన నూనె ఒరలోకి ఇంకి దుమ్మును పట్టి ఉంచుతుంది.

అలుగును షిరసాయ అనే సాదా చెక్క ఒరలో, వాదర పైకి, అడ్డంగా ఉంచండి. తోలు సంచి, ప్లాస్టిక్ కవరు వద్దు. విశాఖపట్నం, చెన్నై వంటి తీర నగరాల్లో బీరువాలో తేమ పీల్చే సంచులు పెట్టండి, కానీ ఒరలో కాదు. తేమ మరీ తగ్గితే చెక్క ముడుచుకుని ఒర చీలుతుంది. అందుకే చిన్న తేమమాపకం కొని సుమారు 50 శాతం దగ్గర నిలపండి.

12. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

*తుప్పును ఇసుక కాగితంతో రుద్దారు.* ఇక అక్కడితో ఆపండి. నూనె పలుచగా రాసి, తోగిషికి ఫొటోలు పంపండి. మీ తదుపరి ప్రయత్నం పోయినదాన్ని పెంచుతుంది.

*వేలు తగిలింది.* ఆ నిమిషంలోనే శుభ్రమైన గుడ్డతో తుడిచి, కొత్తగా నూనె రాయండి. రేపటికి వాయిదా వేస్తే ముద్ర అచ్చుపడుతుంది.

*ఒరలో కత్తి బిగుసుకుంది.* బలంగా లాగవద్దు. వర్షాకాలంలో చెక్క ఉబ్బడం మామూలే. పొడి గదిలో కొన్ని రోజులు ఉంచి మళ్లీ ప్రయత్నించండి.

*కత్తి ఒరలో వదులుగా ఊగుతోంది.* ఒర నోటికి లోపలి వైపు సన్నని చెక్కపొర అతికిస్తే సరిపోతుంది. అది ఒర చేసేవారి పని. అప్పటివరకు కత్తిని తలకిందులు చేయవద్దు, ఎప్పుడు ఎత్తినా ఒరనూ పిడినీ రెండు చేతులతో కలిపి పట్టుకోండి.

*పత్రాలు ఒకచోట, కత్తి ఇంకొకచోట.* ఇల్లు మారినప్పుడు ఇదే జరుగుతుంది. పత్రాల నకళ్లు, నకాగో ఫొటోలు, కొన్న రసీదు, మీ నోటు పుస్తకంలోని కొలతలు ఒకే కవరులో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి. నకాగో తుప్పు తీయకూడదన్న ఒక్క మాటను ఆ కవరు మీదే పెద్ద అక్షరాలతో రాయండి.